పాడుబడ్డ ఇల్లు స్టేజీ మీద ఎలా కట్టాలి: ఆరు పద్ధతులు, ఏది ఎవరికి పనికొస్తుంది

నాటకం చేతికొచ్చింది. అందులో ఒక పాత ఇల్లు ఉంది, ఆ ఇంటిని తలుచుకుంటూ బతుకుతున్న మనిషి ఉన్నాడు. డైరెక్టర్ మీతో అన్నది ఒక్క మాటే: "పాడుబడినట్టూ ఉండాలి, జ్ఞాపకంలాగానూ ఉండాలి." మీరు ఫొటోలు వెతకడం మొదలుపెడతారు. పెచ్చులూడిన గోడలు, విరిగిన కిటికీలు, దుమ్ము పట్టిన కుర్చీలు, ఏది చూసినా బాగానే ఉంటుంది, వారం గడిచినా ఏం కట్టాలో మాత్రం తేలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శిథిలం, జ్ఞాపకం రెండూ ఒకే పని అనుకుని మొదలుపెడితే సెట్ తేలిపోతుంది. శిథిలమంటే వచ్చి చేరినవి: చెమ్మ, బూజు, తుప్పు, దుమ్ము. జ్ఞాపకమంటే లేకుండా పోయినవాటి ఆనవాళ్లు. వెలిసిపోయిన గోడ మీద, ఒకప్పుడు పటం వేలాడిన చోట మాత్రం పాత రంగు అలాగే నిలిచి ఉంటుంది, గమనించారా? నలుచదరపు మచ్చ, దానిపైన ఒక మేకు. చుట్టూ గోడ పాడైంది కాబట్టే ఆ మచ్చ కనిపిస్తోంది, పటం లేదు కాబట్టే అది మనల్ని ఆపుతోంది. రెండు పనులూ ఒకేసారి చేసే చోటు అది. ఇలాంటి చోటు మీ సెట్‌లో ఒక్కటి ఉంటే చాలు, బూజు బస్తాలకొద్దీ వేలాడదీయక్కర్లేదు. కింద చెప్పే ఆరు పద్ధతుల్లో దేన్ని ఎంచుకున్నా ఈ చోటుకి అందులో వీలుందా లేదా అన్నదే నేను ముందు చూసేది.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఎవరి జ్ఞాపకం? ప్రేక్షకులు ఆ మనిషి తలలోపల కూర్చుని చూస్తున్నారా, లేక బయట నిలబడి ఇంటినీ మనిషినీ కలిపి చూస్తున్నారా? తలలోపల అయితే గుర్తున్నంత మేరకే ఇల్లు ఉంటుంది. వంటగది గుర్తుండి పక్కగది గుర్తు లేకపోతే పక్కగది కట్టనే అక్కర్లేదు, కిటికీ అసలు కంటే పెద్దదిగా ఉన్నా తప్పులేదు. బయటి నుంచి అయితే అది నిజంగా ఇల్లని నమ్మించాలి. చాలా గొడవలు ఈ ప్రశ్నకి డైరెక్టర్ ఒక జవాబు, డిజైనర్ ఇంకో జవాబు మనసులో పెట్టుకుని పనిచేయడం వల్లే వస్తాయి. నోటితో అడిగి తేల్చుకోండి.

రెండోది, కాలం ఎన్నిసార్లు మారుతుంది? స్క్రిప్ట్ తీసుకుని ఇప్పటి సీన్లకి ఒక రంగు పెన్‌తో, అప్పటి సీన్లకి ఇంకో రంగు పెన్‌తో మార్జిన్లో గీత గీయండి. రెండు మూడు చోట్ల రంగు మారితే ఏ పద్ధతైనా సరిపోతుంది. పేజీకోసారి, అదీ డైలాగు మధ్యలో మారుతుంటే బరువైన సెట్‌ని వదిలేయండి.

మూడోది దూరం. చివరి వరుస పది పన్నెండు మీటర్లు దాటిందంటే మీరు సన్న బ్రష్‌తో వేసిన బీటలు అక్కడివాళ్లకి మామూలు మురికిలాగే కనిపిస్తాయి. నాలుగోది, ఎన్నిసార్లు కట్టి విప్పాలి, ఎంత బండిలో తీసుకెళ్లాలి. ఐదోది, లైట్లు ఎన్ని ఉన్నాయి, అవి మీ మాట వింటాయా లేక హాలువాళ్లు బిగించినవేనా. ఈ ఐదోదాన్ని అందరూ చివర్లో చూసుకుంటారు, కానీ సగం పద్ధతులు పనికొస్తాయా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

1. పూర్తిగా కట్టిన పాత గది

మూడు గోడలు, తలుపు, కిటికీ, నేల, అన్నీ ఉన్న గది. ఇల్లే కథలో ఒక పాత్ర అయినప్పుడు, ప్రేక్షకులు బయటి నుంచి చూస్తున్నప్పుడు దీనికి సాటి లేదు. నటులకి కూడా హాయిగా ఉంటుంది: ఆనుకోవడానికి గోడ ఉంటుంది, వేయడానికి గొళ్లెం ఉంటుంది.

దీని బలమంతా ఒక్క విషయంలో ఉంది: ప్రతి మరకకీ కారణం ఉండాలి. నేను మొదట్లో వేసిన ఒక గోడకి అందంగా ఉంటుందని అక్కడక్కడా గోధుమరంగు మరకలు చల్లాను. ఫ్లాట్లు (స్టేజీ మీద గోడల్లా నిలబెట్టే పలకలు) బిగించడానికి వచ్చిన ఒక తాపీమేస్త్రి దాన్ని చూసి, "ఈ నీళ్లు ఎక్కడినుంచి దిగినయ్ సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి గోడంతా మళ్లీ వేశాను. అప్పటినుంచి బ్రష్ పట్టుకునే ముందు ఆ ఇంటికి జరిగిందేమిటో ఒక పేజీ రాసుకుంటాను. పైకప్పు ఏ మూల కారింది, కిటికీ ఎండ ఏ గోడ మీద పడేది, మనుషులు ఎటు నడిచేవాళ్లు.

అలా రాసుకుంటే మరకలు వాటంతటవే చోటు వెతుక్కుంటాయి. కప్పు నుంచి కారిన నీళ్లు పైన సన్నగా మొదలై కింద వెడల్పవుతాయి, మరక లోపల లేతగా, అంచు ముదురుగా ఉంటుంది. నేల చెమ్మ కింది నుంచి మోకాలి ఎత్తు దాకా పాకి ఆగుతుంది, అక్కడే పెచ్చులు లేస్తాయి. తలుపు రంగు చేయి పడే ఎత్తులోనే అరుగుతుంది. స్విచ్ చుట్టూ వేళ్ల మురికి గుండ్రంగా పడుతుంది. మేకు తుప్పు కిందికి సన్నటి గీతలా కారుతుంది. మెట్టు మధ్యలో అరుగుతుంది, అంచుల్లో రంగు మిగులుతుంది. కిటికీ ఎదుటి గోడ వెలుస్తుంది, తలుపు వెనక గోడ వెలవదు.

పెచ్చులకి చౌక ఉపాయం ఒకటుంది: చిక్కటి తెల్ల జిగురు పూసి, అది ఇంకా జిగటగా ఉండగానే పైన నీళ్ల రంగు వేస్తే ఎండేటప్పుడు పై పొర పగులుతుంది. లేదా మూడు నాలుగు రకాల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి కొన్ని చోట్ల చింపేయండి. అడుగున కనిపించే పొరని కాస్త సంతోషమైన రంగులో పెట్టండి, చిన్నపిల్లల గది పసుపులాగా. చిరిగిన చోటల్లా పాత కాలం తొంగిచూస్తుంది. మురికికి నల్లరంగు వాడొద్దు, గోడ చచ్చిపోయినట్టు ఉంటుంది, ముదురు గోధుమని బాగా పలచన చేసి వాడండి.

దీని నష్టాలు తెలిసినవే: బరువు, రోజులకొద్దీ పని, కాలం గెంతలేకపోవడం. గోడ ఒకసారి పాడైందంటే పాడైందే, ముప్పై ఏళ్ల వెనకటి సీన్‌లోనూ అదే పెచ్చు కనిపిస్తుంది. కొందరు డైరెక్టర్లకి అదే కావాలి, పెళ్లి సీన్ జరుగుతుంటే వెనక కూలిపోయిన గోడ ఉండటం. అలా కావాలనే చేస్తే గొప్పగా ఉంటుంది. గత్యంతరం లేక చేస్తే ప్రేక్షకులకి తెలిసిపోతుంది.

2. అస్థిపంజరంలా ఇల్లు, జాలీ తెరలు

గోడలు ఉండవు, చట్రాలు ఉంటాయి. తలుపు చట్రం, కప్పు గీత, కొన్ని చోట్ల పలుచటి జాలీ తెర. దీనికి పేరుమోసిన ఉదాహరణ 1949లో న్యూయార్క్‌లో ఆడిన 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' నాటకానికి డిజైనర్ జో మీల్జినర్ చేసిన సెట్. అందులో ఒక నియమం ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు: ఇప్పటి సీన్లలో నటులు గోడ ఉన్నట్టే నడుస్తారు, తలుపులోంచే వస్తారు, వెళ్తారు. గతంలోకి వెళ్లగానే అదే గోడ గీతని దాటుకుంటూ నడిచేస్తారు. ఒక్క సామానూ కదలదు, అయినా కాలం మారిందని హాలు మొత్తానికి అర్థమవుతుంది. పైగా గతం వచ్చినప్పుడల్లా ఇల్లంతా ఆకుల నీడలతో నిండేలా చేశారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కాలం తరచూ మారే నాటకాలకి నా మొదటి ఓటు ఈ పద్ధతికే.

జాలీ తెర పనిచేసే తీరు తెలుసుకుని దిగండి. ముందు నుంచి, బాగా పైనుంచి లేదా పక్కనుంచి వాలుగా లైటు పడితే అది గోడలా మూసుకుపోతుంది. ముందు లైటు తగ్గించి వెనక లైటు పెంచితే తెర కరిగిపోయి వెనకున్న మనిషి కనిపిస్తాడు. హాల్లోంచి తిన్నగా ఎదురు లైటు కొడితే అది తెర దాటి వెనకున్నవాటి మీద పడుతుంది, మాయ మొత్తం పోతుంది. అందుకే తెరకీ వెనక మనిషికీ మధ్య కనీసం ఒకటిన్నర మీటరు ఖాళీ ఉంచండి, తెర కింది అంచులో పైపు దూర్చి ముడతలు లేకుండా లాగి కట్టండి. ఒక్క ముడత ఉన్నా లైటు దాన్నే పట్టి చూపిస్తుంది.

లోటేమిటంటే ఇందులో జ్ఞాపకం దండిగా ఉంటుంది, శిథిలం పలచబడుతుంది. చట్రాలు శుభ్రంగా, తిన్నగా ఉంటే కొత్తగా కడుతున్న ఇల్లులా కనిపిస్తుంది. రెండు చట్రాలు కొద్దిగా ఒరగనివ్వండి, చెక్కకి చెదలు తిన్న అంచులు పెట్టండి, తెర కింది భాగంలో చెమ్మ మరక పలచగా వేయండి. లైట్లు మీ చేతిలో లేవంటే మాత్రం ఈ పద్ధతి ముట్టుకోవద్దు, ఉన్న ఎదురు లైట్లతో ఇది దోమతెరలాగే ఉంటుంది.

3. వస్తువులు మాత్రమే

ఖాళీ స్టేజీ. కొన్ని వస్తువులు. అంతే.

దర్శకుడు తాదేయుష్ కాంతోర్ 1975లో పోలండ్‌లోని క్రాకోలో చేసిన 'డెడ్ క్లాస్' నాటకంలో పాత చెక్క బడిబల్లలు ఉంటాయి. వాటిలో ముసలివాళ్లు కూర్చుంటారు, తమ చిన్నప్పటి రూపాల బొమ్మల్ని వెంట మోసుకొస్తారు. బడి గోడలు ఎక్కడా లేవు, అయినా అది బడి కాదని ఎవరూ అనరు. 1978లో జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ చేసిన 'కాఫే ముల్లర్'లో గదినిండా కుర్చీలు, కళ్లు మూసుకుని నడిచే మనిషికి తగలకుండా ఇంకొకరు పరుగుపరుగున కుర్చీలు తప్పిస్తుంటారు. అక్కడ కుర్చీ సెట్టూ అయింది, ఆటంకమూ అయింది, నటుల పనీ అయింది.

ఈ పద్ధతిలో వస్తువు ఎంపికే ప్రాణం. పాత సామాన్లు దొరికాయి కదా అని పది తెచ్చి పెడితే పాతసామాన్ల కొట్టు అవుతుంది. ఒక్కో వస్తువుకీ మూడు ప్రశ్నలు వేయండి: దీన్ని ఎవరు వాడేవారు, ఎక్కడ అరిగింది, ఇప్పుడు ఇందులో లేనిదేమిటి? అద్దం ఊడిన అద్దం చట్రం, ఒక చేయి మాత్రమే ఎక్కువగా నునుపెక్కిన వాలుకుర్చీ, ఒకే పక్క గుంట పడిన దిండు. ఆ వాలుకుర్చీ చేతిని నటి మాటల మధ్యలో, చూడకుండానే, బొటనవేలితో రుద్దిందనుకోండి, అక్కడ తండ్రి కూర్చునేవాడని ఎవరూ చెప్పక్కర్లేదు.

తక్కువ డబ్బు, చిన్న బండి, ఎన్ని ఊళ్లైనా తిప్పొచ్చు, కాలం ఎన్నిసార్లయినా మార్చొచ్చు. కానీ భారమంతా నటుల మీద పడుతుంది. వస్తువుల్ని నమ్మకంగా పట్టుకోవడం రాని బృందమైతే ఖాళీ స్టేజీ ఖాళీగానే మిగులుతుంది. వస్తువులు రిహార్సల్ మొదటి వారానికే రావాలి. ప్రదర్శనకి రెండు రోజుల ముందు తెస్తే వాటికి జ్ఞాపకం ఉండదు, నటుల చేతులకి అవి కొత్తవే.

4. ప్రొజెక్షన్

అందరూ ముందు అడిగేది ఇదే, నేను అన్నిటికంటే చివర్లో చూసేదీ ఇదే. వెలిసిన ఫొటోలు, నెమ్మదిగా పాకే చెమ్మ, ఊడిపోయే రంగు, అన్నీ కంప్యూటర్‌లో చేసి గోడ మీద వేయొచ్చన్నది నిజం. కానీ స్టేజీ లైట్లు తెర మీద పడగానే బొమ్మ పాలిపోతుంది. ముందు నుంచి వేస్తే నటుల ముఖాల మీదా పడుతుంది, వెనకనుంచి వేయాలంటే స్టేజీ వెనక లోతు కావాలి. ఇంకో చిన్న సంగతి: ప్రొజెక్టర్ చూపించే నలుపు అసలు నలుపు కాదు. పూర్తి చీకటి చేసినప్పుడు వెనక బూడిదరంగు చదరం మిణుకుమంటూ ఉంటుంది, లెన్స్ ముందు మూత పెట్టే ఏర్పాటు లేకపోతే మీ చీకటి సీన్ పోయినట్టే.

వాడాలనుకుంటే శుభ్రమైన తెల్ల తెర మీద కాకుండా, పాడైపోయిన వస్తువు మీద వేయండి. పెచ్చులూడిన గోడ మీద, ఆరేసిన పాత దుప్పటి మీద, తెరిచిన పెట్టె మూత లోపలి వైపు. బొమ్మ ముక్కలుగా, సగం సగం కనిపిస్తుంది, జ్ఞాపకం కూడా అంతే కదా.

5. ఆట జరుగుతుండగానే పాడయ్యే సెట్

మొదట్లో నిండుగా ఉన్న ఇల్లు చివరికి ఖాళీ అవుతుంది, లేదా ప్రేక్షకుల కళ్లముందే నాశనమవుతుంది. బౌష్‌దే 1982 నాటి 'నెల్కెన్'లో స్టేజీ నిండా నాటిన కృత్రిమ పూలతోటని నటులు నడుస్తూ తొక్కేస్తారు, ఆట ముగిసేసరికి తోట నలిగిపోయి ఉంటుంది. ఎవరూ "కాలం గడిచింది" అనక్కర్లేదు.

మనలాంటి చిన్న బృందాలకి దీని తేలిక రూపాలు ఉన్నాయి. సీన్ మారినప్పుడల్లా ఒక్కో వస్తువు తీసేయడం, నేల మీద సుద్దతో గీసిన గదుల గీతలు అడుగుల కింద చెరిగిపోవడం, గోడ కాగితం ఒక్కో సీన్‌లో ఒక్కో పట్టీ చొప్పున ఊడిరావడం. సుద్ద గీతలు నాకు చాలా ఇష్టం. తల్లి మొదటి సీన్‌లో వంగి జాగ్రత్తగా గీసిన వంటగది, రెండో అంకానికి ఎక్కడుండేదో ఆవిడకే తెలియనంతగా చెరిగిపోతుంది.

కష్టం ఒకటే, రేపు మళ్లీ మొదటి నుంచి కావాలి. ప్రతి ఆటకీ ముందు సిద్ధం చేయడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. ఒకేరోజు రెండు ఆటలుంటే ఆ లెక్క చూడకుండా ఒప్పుకోవద్దు.

6. నిజంగానే పాత భవనం

కట్టకుండా, ఉన్నదాన్నే వాడుకోవడం. పారిస్‌లోని బూఫ్ దు నోర్ 1876లో కట్టిన థియేటర్, 1952లో మూతపడింది. దర్శకుడు పీటర్ బ్రూక్ 1974లో దాన్ని తెరిచినప్పుడు గోడల మీది కాలపు గుర్తుల్ని తుడిచేయకుండా వదిలేశారు. ఆ గోడలే ఆయన నాటకాలకి నేపథ్యమయ్యాయి.

ఇంత నిజమైన శిథిలం ఎవరి బ్రష్‌కీ రాదు. అయితే ఆ భవనానికి దాని జ్ఞాపకం దానికి ఉంటుంది, మీ పాత్ర జ్ఞాపకంతో అది కలవాలనేం లేదు. పాత గోదాములో కుటుంబ కథ ఆడితే ప్రేక్షకులు గోదామునే చూస్తారు. పైగా అనుమతి, కరెంటు, మరుగుదొడ్లు, బయటికి వెళ్లే దారులు, మాట వినిపించే తీరు అన్నీ మీరే చూసుకోవాలి.

ఒక్క చూపులో

| పద్ధతి | శిథిలం | జ్ఞాపకం | కాలం మార్చడం | తీసుకెళ్లడం | లైట్ల మీద ఆధారం |
|---|---|---|---|---|---|
| కట్టిన గది | చాలా బలం | మధ్యస్థం | కష్టం | కష్టం | మధ్యస్థం |
| చట్రాలు, జాలీ తెర | తక్కువ | చాలా బలం | తేలిక | పర్వాలేదు | పూర్తిగా |
| వస్తువులు | మధ్యస్థం | చాలా బలం | తేలిక | తేలిక | తక్కువ |
| ప్రొజెక్షన్ | పైపైన | మధ్యస్థం | తేలిక | పర్వాలేదు | పూర్తిగా |
| పాడయ్యే సెట్ | చాలా బలం | బలం | ముందుకే వెళ్తుంది | రకాన్ని బట్టి | తక్కువ |
| పాత భవనం | అన్నిటికంటే బలం | కథని బట్టి | మధ్యస్థం | కుదరదు | మధ్యస్థం |

"ముందుకే వెళ్తుంది" అన్నదాన్ని కాస్త పట్టించుకోండి. పాడయ్యే సెట్‌ని వెనక్కి తిప్పలేం. కథ వర్తమానంలో మొదలై గతంలోకి వెళ్లి మళ్లీ వస్తుంటే అది మీకు అడ్డమే.

మరి మీరు ఏది తీసుకోవాలి

కాలేజీ బృందం, బిగించిన లైట్లున్న మామూలు హాలు, నాలుగు వారాల టైమ్ అయితే, వస్తువులు, వాటి వెనక ఒకే ఒక్క పాడైన గోడ. గోడ మూడు మీటర్లు దాటక్కర్లేదు, కానీ దాని మీద పెట్టాల్సిన పనంతా పెట్టండి. ఊరూరా తిరిగే బృందమైతే ఆ గోడ కూడా వద్దు, వస్తువులకి సుద్ద గీతలు తోడు చేసుకోండి.

సొంత హాలు ఉండి నెలల తరబడి ఆడేవాళ్లు కట్టిన గదికి వెళ్లొచ్చు. ప్రేక్షకులు రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చునే చిన్న గది థియేటర్ అయితే పెయింట్ మోసాలు పనిచేయవు, నిజమైన పాత వస్తువులే తెచ్చుకోండి. పెద్ద హాలు, మంచి లైటింగ్ మనిషి, కాలం గెంతే స్క్రిప్ట్, ఈ మూడూ ఉంటే చట్రాలు, జాలీ తెర. మూడింట్లో ఒకటి తగ్గినా మళ్లీ ఆలోచించండి. మతిమరుపు గురించిన కథ అయితే మాత్రం నేను వేరే ఏదీ చూడను, ఆట సాగేకొద్దీ ఖాళీ అయ్యే సెట్టే.

రెండు పద్ధతులు కలపొచ్చా? కలపొచ్చు, ఒకటి యజమాని, ఒకటి సహాయకుడు అయితే. మూడు కలిపిన సెట్ నిలబడటం నేను చూడలేదు.

ప్రమాదాల గురించి

నిజమైన బూజు పట్టిన గుడ్డలు, చెక్కలు స్టేజీ మీదికి తేవద్దు, ఆయాసం ఉన్న నటులకి ప్రమాదమే. పాత భవనాల్లోంచి తెచ్చిన తలుపుల రంగులో సీసం ఉండొచ్చు, వాటిని గీకి దుమ్ము చేయకండి. ఎండుటాకులు, పాత కాగితాలు, గుడ్డలు లైట్ల వేడికి ఇట్టే అంటుకుంటాయి, మంట పట్టని మందు పూయనిదే వేలాడదీయొద్దు. పగిలిన గాజుకి యాక్రిలిక్ ముక్కలు వాడండి. నేల మీద నీళ్లు పెడితే కరెంటు తీగలు ఎటు పోతున్నాయో ముందు చూడండి.

ఇక డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక పని: మీటరు చదరం ప్లైవుడ్ ముక్క మీద మీరనుకున్న గోడని పూర్తిగా వేసి, ఆట ఆడే హాల్లో ఆట లైట్ల కిందే నిలబెట్టండి. దాని ముందు ఒక నటుణ్ని, వేసుకోబోయే బట్టలతోనే, నిలబడమనండి. మొదటి వరుసలో కూర్చుని చూడండి, చివరి వరుసలో కూర్చుని చూడండి. లైట్లలో ఒకదాన్ని పక్కకి తిప్పి గోడని రాసుకుంటూ వెళ్లేలా పెట్టించండి, పెచ్చుల నీడలు అప్పుడే లేస్తాయి. చివరి వరుస నుంచి నటుడి ముఖం కంటే ముందు గోడ కనిపిస్తోందంటే గోడని ఇంకో రెండు పూతలు ముదురు చేసి మళ్లీ వెళ్లి కూర్చోండి.